గల్ఫ్ నుండి తిరిగివచ్చినవారికి నిరుద్యోగ భృతి: అర్హత ఎవరికి? ఎంతవరకు?

గల్ఫ్ దేశములలో పది పదిహేను సంవత్సరములు కష్టించి స్వగ్రామమునకు తిరిగివచ్చినవారు కరీంనగర్, ఆదిలాబాదు ప్రాంతపు పల్లెలలో నేడు కొద్దిమంది కారు. 1973లో చమురు ధరలు పెరిగిన పిదప ఊపందుకొన్న ఈ వలస తండ్రి నుండి కుమారునకు సంక్రమించిన కుటుంబములును కలవు. సుల్తానాబాదు మండలమున గర్రెపల్లి, కాట్నపల్లి, సుద్దాల మొదలగు గ్రామములలో పంచాయతీ సభ్యులను ఎవరైన అడిగి చూడవచ్చును. వారిని తరచుగా చేరు ప్రశ్న ఒకటి ఉన్నది: “మెంబరు సాబ్, పన్నెండేండ్లు దుబాయిల చేసి వచ్చిన. ఇప్పుడు పని లేదు. సర్కారు నిరుద్యోగ భృతి ఏమన్న ఇస్తదా?”

2025 డిసెంబరులో జరిగిన గ్రామ పంచాయతీ ఎన్నికలలో గెలిచి, తొలిసారిగా బాధ్యత స్వీకరించిన సభ్యులకు ఈ ప్రశ్నకు సూటియైన సమాధానము తెలిసియుండుట అవసరము. “చూద్దాము, పైన మాట్లాడుదాము” అని చెప్పి పంపుట వలన ఆ మనిషికి మేలు జరుగదు. అతని చేతిలోని నాలుగు డబ్బులు కరగిపోవుచుండగా, అతడు అడుగవలసిన చోట అడుగుటకు గల గడువులును దాటిపోవుచుండును. ఈ విషయమున కాలహరణమే పెద్ద నష్టము.

సమాధాన మిది. విదేశము నుండి తిరిగివచ్చినంత మాత్రమున నెలనెలా భృతి చెల్లించు పథకము మన రాష్ట్రమున లేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2018 అక్టోబరు 2వ తేదీన చదువుకొన్న యువతకు నెలకు 1,000 రూపాయల భృతి ప్రారంభమై, 2019లో 2,000కు పెరిగి, ఆ సంవత్సరమే ఆగిపోయినది. అది 22 నుండి 35 సంవత్సరముల వయస్సు గల పట్టభద్రులకు, డిప్లొమా పొందినవారికి ఉద్దేశింపబడినది. గల్ఫ్‌లో తాపీపని చేసి నలుబది యైదవ యేట తిరిగివచ్చినవానికి అది యెట్లును వర్తింపకపోయెడిది. తెలంగాణలో ఎన్నికల సమయములందు వినవచ్చిన 3,016 రూపాయలు, 4,000 రూపాయలు అను అంకెలను ఇప్పటికే వచ్చుచున్న భృతిగా భావించి దళారులకు దరఖాస్తు రుసుము చెల్లించినవారు ఉన్నచో, సభ్యులు వారిని వెంటనే నివారింపవలెను.

అయినను విషయ మింతటితో ముగియలేదు. నిరుద్యోగ భృతి అనునది ప్రపంచమున హెచ్చు దేశములలో దానము కాదు, బీమా. ఉద్యోగమున ఉన్నపుడు కొంత చందా చెల్లించినవాడు, ఉద్యోగము పోయినపుడు కొంత తిరిగి పొందును. చందా ఏ దేశమున చెల్లించెనో హక్కు ఆ దేశముననే పుట్టును. గల్ఫ్ కార్మికుని చిక్కంతయు ఇందులోనే యున్నది: అతడు ఇక్కడ చందా చెల్లింపలేదు, అక్కడ చెల్లించినచో, దానిని వాడుకొనక ముందే విమానమెక్కి వచ్చుచున్నాడు.

మొదట ఇక్కడి సంగతి. కార్మిక రాజ్య బీమా, అనగా ఇ.ఎస్.ఐ., 1948 నాటి చట్టముతో ఏర్పడినది. ఆ చట్టమును, మరికొన్ని చట్టములను కలిపి రూపొందించిన 2020 నాటి సామాజిక భద్రతా స్మృతి 2025 నవంబరు 21న అమలులోనికి వచ్చినది. ఇ.ఎస్.ఐ. క్రింద ఉద్యోగము కోల్పోయినవారికి 2005 నుండి రాజీవ్ గాంధీ శ్రామిక కల్యాణ యోజన, 2018 జూలై 1 నుండి అటల్ బీమిత వ్యక్తి కల్యాణ యోజన అను రెండు ఏర్పాట్లు చేయబడినవి. రెండవదానిలో సగటు దినవేతనమున నాలుగవ వంతు మాత్రమే ఇచ్చుచుండగా, 2020లో దానిని సగమునకు పెంచిరి. జీవితమున ఒకేసారి, తొంబది దినములకు మించకుండ చెల్లింతురు. కాలపరిమితితో ప్రారంభమైన ఈ పథకము ఎప్పటికప్పుడు పొడిగింపబడుచు వచ్చినది గనుక, దరఖాస్తునకు ముందు ఇ.ఎస్.ఐ. శాఖా కార్యాలయమున విచారించుట మంచిది.

దీనికి ప్రధానమైన నియమ మేమనగా, పని పోవుటకు వెనుకటి రెండు సంవత్సరములు బీమా గల ఉద్యోగమున ఉండవలెను. నిర్ణీత అర్ధసంవత్సర కాలములలో కనీసము 78 దినములకు చందా జమపడి యుండవలెను. పన్నెండు సంవత్సరములు షార్జాలో పనిచేసి నిన్న దిగినవానికి ఈ లెక్కలో ఒక్క దినమైనను ఉండదు. అతడు వచ్చిన పిదప రామగుండము ప్రాంతమున ఏదేని సంస్థలో చేరి ఐదు నెలలు పనిచేసి తొలగింపబడినను అర్హుడు కాడు. రెండు సంవత్సరములు నిలిచినచో అర్హుడగును. కావున తిరిగివచ్చిన వెల్డరుకుగాని, ఎలక్ట్రీషియనుకుగాని సభ్యులు చెప్పదగిన మాట యొకటి కలదు: వేతనము రెండు మూడు వందలు తక్కువైనను, ఇ.ఎస్.ఐ. సంఖ్య ఇచ్చు యజమాని వద్దనే చేరుట లాభము. పదిమందికి తగ్గకుండ పనిచేయు సంస్థలలో 21,000 రూపాయల వరకు నెలవేతనము గలవారికి ఇది వర్తించును. కార్మికుని వాటా నూటికి 75 పైసలు మాత్రమే. అనగా 12,000 వేతనమునకు 90 రూపాయలు. భృతికి రెండేండ్లు ఆగవలసి యున్నను, వైద్యము మాత్రము చేరిన దినము నుండియే తనకును, కుటుంబమునకును లభించును. గల్ఫ్ నుండి నడుమునొప్పితోను, మధుమేహముతోను వచ్చువారు ఎందరో ఉన్నారు గదా!

ఇక అక్కడి సంగతి. సంయుక్త అరబ్ ఎమిరేట్లలో, అనగా మనవారు దుబాయి అని వ్యవహరించు దేశమున, 2023 జనవరి 1 నుండి ఉద్యోగ నష్టపు బీమా నిర్బంధము చేయబడినది. ఇది విదేశీయులకును వర్తించును. ఇండ్లలో పనిచేయువారికి మాత్రము లేదు. మూలవేతనము 16,000 దిర్హములకు మించనివారు నెలకు 5 దిర్హములు చెల్లింపవలెను. విడువకుండ పన్నెండు నెలలు చెల్లించిన పిదప యజమాని తొలగించినచో, మూలవేతనములో నూటికి అరువది వంతున మూడు నెలల వరకు ఇత్తురు. తానుగా రాజీనామా ఇచ్చినవానికి, క్రమశిక్షణ తప్పి తొలగింపబడినవానికి ఇది లేదు. పని పోయిన ముప్పది దినములలో కోరవలెను. మూలవేతనము 1,000 దిర్హములు గల కార్మికునకు నెలకు 600 చొప్పున మూడు నెలలకు 1,800 దిర్హములు కావచ్చును.

ఇందులో ఒక షరతు మనవారి పాలిటికి ముల్లు. భృతి కోరువాడు చట్టబద్ధముగా ఆ దేశముననే ఉండవలెను. దేశము విడిచినచో చెల్లింపు ఆగిపోవును. కంపెనీ వీసా రద్దు చేసి టికెట్టు చేతికిచ్చిన కార్మికుడు, గది లేక, తిండి లేక అక్కడ మూడు నెలలు కూర్చుండగలడా? ఈ బీమా నగరములలో మరియొక ఉద్యోగము వెదకుకొను గుమాస్తాలకు అక్కరకు వచ్చినంతగా, లేబరు క్యాంపులలోని మనవారికి రాదని ఒప్పుకొనవలెను. అయినను వీసా రద్దయిన తరువాత అక్కడ ఉండుటకు ఇచ్చు గడువులోనే దరఖాస్తు చేసినచో కొంతయైనను దక్కును. దుబాయి నుండి “పని పోయినది” అని ఫోను వచ్చిన దినముననే ఇంటివారు ఈ సంగతి చెప్పవలెను. శంషాబాదులో దిగిన పిదప చెప్పి ప్రయోజనము లేదు. బహ్రెయిన్‌లో 2006 నాటి చట్టము ప్రకారము విదేశీయుల వేతనము నుండియు నూటికి ఒక వంతు నిరుద్యోగ బీమాకు పట్టుకొందురు. సౌదీ అరేబియాలో నిరుద్యోగ బీమా ఆ దేశ పౌరులకే పరిమితము.

ఐరోపా సమాఖ్య దేశములలో ఇట్లు కాదు. ఒక దేశపు కార్మికుడు మరియొక దేశమున పనిచేసి తిరిగివచ్చునపుడు యు-1 అను పత్రమును వెంట తెచ్చుకొనును. అక్కడ బీమా గల పనిలో గడపిన కాలమును ఇక్కడి కాలమునకు కలిపి లెక్కింతురు. మన దేశము జర్మనీ, ఫ్రాన్సు, జపాను మొదలగు పలు దేశములతో సామాజిక భద్రతా ఒడంబడికలు చేసికొన్నది. కాని అవి ప్రధానముగా పింఛను చందాలకు సంబంధించినవి; వాటిలో గల్ఫ్ దేశములు లేవు. 2012లో కేంద్ర ప్రభుత్వము ఎమిగ్రేషను తనిఖీ అవసరమైన కార్మికుల కొరకు మహాత్మా గాంధీ ప్రవాసీ సురక్షా యోజన అను పేర, పింఛనునకును, తిరిగివచ్చి స్థిరపడుటకును తోడ్పడు పొదుపు పథకమును ప్రారంభించెను. చేరినవారు స్వల్పము, 2017లో దానిని మూసివేసిరి. ఇతర రాష్ట్రములలో కేరళ ముందంజ వేసినది. 2008 నాటి చట్టముతో ప్రవాసుల సంక్షేమ బోర్డును స్థాపించి, చందా చెల్లించినవారికి పింఛను ఏర్పాటు చేసినది. రెండేండ్లకు తగ్గకుండ విదేశమున పనిచేసి వచ్చినవారు స్వయంఉపాధికి పూనుకొన్నచో, 30 లక్షల వరకు గల పథకమునకు నూటికి పదిహేను వంతుల సహాయము ఇచ్చుచున్నది. అది కూడ ఊరక కూర్చున్నందుకు ఇచ్చు భృతి కాదని గమనింపవలెను.

భృతి సంగతి ఇట్లుండగా, తిరిగివచ్చినవానికి అంతకంటె పెద్ద మొత్తము మరియొకచోట ఉండవచ్చును. అది అతని సర్వీసు ముగింపు సొమ్ము. మనవారు దీనిని “హిసాబు” అందురు. పంచాయతీ సభ్యుడు అడుగవలసిన మొదటి ప్రశ్న “నీ హిసాబు తెచ్చుకొంటివా?” అనునదే.

సౌదీ కార్మిక చట్టము ప్రకారము మొదటి ఐదు సంవత్సరములకు ఏటికి అరనెల వేతనము, ఆపైన ఏటికి ఒక నెల వేతనము చివరి వేతనమును బట్టి ఇయ్యవలెను. చివరి వేతనము 1,500 రియాళ్లుగా ఎనిమిదేండ్లు పనిచేసి, యజమాని పంపివేసిన కార్మికుని లెక్క చూడుడు. మొదటి ఐదేండ్లకు 3,750. తక్కిన మూడేండ్లకు 4,500. మొత్తము 8,250 రియాళ్లు. మన రూపాయలలో ఇది లక్షన్నరకు మించును. అదే కార్మికుడు తానుగా రాజీనామా ఇచ్చియుండినచో మూడింట రెండు వంతులు, అనగా 5,500 మాత్రమే వచ్చును. రెండేండ్లు నిండకముందు రాజీనామా చేసినవానికి ఏమియు రాదు. రెండు నుండి ఐదేండ్ల లోపువానికి మూడవ వంతు. పదేండ్లు నిండినవానికి పూర్తిగా వచ్చును. ఇందువలననే కొందరు యజమానులు అరబ్బీలో వ్రాసిన కాగితముపై, చదువనీయక, రాజీనామా సంతకము తీసికొందురు. తెలియని కాగితముపై వ్రేలు పెట్టరాదని వెళ్లువారికి ముందే చెప్పుట మేలు.

ఎమిరేట్లలో ఒక సంవత్సరము నిండినవానికి, మొదటి ఐదేండ్ల వరకు ఏటికి 21 దినముల మూలవేతనము, ఆపైన ఏటికి 30 దినములది. 2022 ఫిబ్రవరి నుండి అమలులో నున్న చట్టము ప్రకారము పని ముగిసిన పదునాలుగు దినములలో యజమాని దీనిని చెల్లింపవలెను. మూలవేతనము 1,000 దిర్హములు గలవానికి ఎనిమిదేండ్లకు 6,500 దిర్హములగును. ఇచ్చట లెక్కించునది మూలవేతనమే గాని, భోజనపు అలవెన్సు, ఓవర్‌టైము కలిసిన మొత్తము కాదు. వచ్చిన సొమ్ము తక్కువయినదని అనుమానించువారు ముందు ఒప్పందపు కాగితము చూచుకొనవలెను.

సౌదీలో పని ముగిసిన పన్నెండు నెలల లోపల కార్మిక న్యాయస్థానమున దావా వేయవలెను. దాటినచో సామాన్యముగా వినరు. ఎమిరేట్లలో 2024లో ఈ గడువును రెండేండ్లకు పెంచిరి. ఇక్కడికి వచ్చినవాడు తిరిగి పోనక్కర లేకుండ, అక్కడి నమ్మకమైన వ్యక్తికి అధికారపత్రము వ్రాసి పంపవచ్చును. భారత రాయబార కార్యాలయమునకు 2015లో ప్రారంభమైన ‘మదద్’ అను కంప్యూటరు ఏర్పాటు ద్వారా ఫిర్యాదు చేయవచ్చును. హైదరాబాదు ప్రజాభవనములో 2024 సెప్టెంబరులో ‘ప్రవాసీ ప్రజావాణి’ ప్రారంభమైనది. అచ్చటను అర్జీ ఇయ్యవచ్చును. అర్జీతో పాటు పాస్‌పోర్టు, ఆకామా నకళ్లు, ఒప్పందము, జీతము జమయైన బ్యాంకు చీటీలు జతపరుపవలెను. ఇవి అటకపై పెట్టెలో ఎలుకల పాలగుట ఎన్నో ఇండ్లలో జరుగుచున్నది.

2016లో సౌదీలో ఒక పెద్ద నిర్మాణ సంస్థ దెబ్బతిని, వేలాది భారతీయ కార్మికులు జీతములు లేక క్యాంపులలో చిక్కుకొన్న సంగతి పాఠకులకు జ్ఞప్తి యుండవచ్చును. 2020లో కోవిడ్ సమయమున మే 7 నుండి వందే భారత్ విమానములలో వచ్చినవారిలోను ఎందరో హిసాబు లేకుండగనే దిగిరి. అట్టివారిలో కాగితములు దాచుకొన్నవారికే తరువాత అడుగుటకు ఆధారము మిగులును.

ఇప్పుడు గ్రామ పంచాయతీ చేతిలోనే యున్న విషయమునకు వత్తము. చట్టము ‘నిరుద్యోగ భృతి’ అను మాటను వాడి, చందాతో నిమిత్తము లేకుండ, గ్రామీణునకు హక్కుగా ఇచ్చిన చోటు ఒక్కటే కలదు. అది ఉపాధి హామీ. 2005 నాటి మహాత్మా గాంధీ జాతీయ గ్రామీణ ఉపాధి హామీ చట్టము ప్రకారము, పని కోరిన పదునైదు దినములలో పని చూపనిచో మొదటి ముప్పది దినములకు కూలిలో నాలుగవ వంతునకు తగ్గకుండ, ఆపైన సగమునకు తగ్గకుండ భృతి ఇయ్యవలెను. 2025-26 సంవత్సరమునకు తెలంగాణలో నిర్ణయించిన దినకూలి 307 రూపాయలు. దానిలో నాలుగవ వంతు 76 రూపాయల 75 పైసలు. సగము 153 రూపాయల 50 పైసలు. 2025 డిసెంబరులో పార్లమెంటు ఈ చట్టమునకు బదులుగా ‘వికసిత్ భారత్ జీ రామ్ జీ’ అని పిలువబడు కొత్త చట్టమును ఆమోదించినది. అందులో పని దినములు నూరు నుండి 125కు పెరిగినవి. విత్తు కాలమున, కోత కాలమున కలిపి అరువది దినముల వరకు పనులు నిలుపుటకు అవకాశ మీయబడినది. పదునైదు దినముల నియమము, భృతి నియమము అందులోను ఉన్నవి. దరఖాస్తు ఏ నమూనాలో ఈయవలెనో మండల పరిషత్తు కార్యాలయమున తెలిసికొని సభ్యులు గ్రామస్థులకు చెప్పవలెను.

గల్ఫ్ నుండి వచ్చినవాడు దీనికి అర్హుడా? నిస్సందేహముగా అర్హుడు. కొంతకాలము క్రితము వలసపోయి తిరిగివచ్చు కుటుంబమును కూడ స్థానిక నివాసిగనే చూడవలెనని ఉపాధి హామీ మార్గదర్శకములు స్పష్టము చేసినవి. ‘పదేండ్లు ఊరిలో లేవు, నీ పేరు లేదు’ అని త్రిప్పి పంపుటకు వీలులేదు. కుటుంబమునకు జాబ్ కార్డు ఉన్నచో అతని పేరును అందు చేర్చవలెను. లేనిచో కొత్తది కోరవచ్చును. అయితే సుల్తానాబాదు పట్టణము 2018 నుండి పురపాలక సంఘము గనుక, పట్టణవాసులకు ఈ గ్రామీణ హామీ వర్తింపదు. చుట్టుపట్ల గ్రామములవారికే వర్తించును.

భృతి ఆచరణలో ఎందుకు అరుదుగా లభించుచున్నది? పని కోరుట నోటిమాటగా జరుగుట ఒక ముఖ్య కారణమని ఈ రచయిత అభిప్రాయము. “పని ఉంటే చెప్పున్రి” అని ఫీల్డ్ అసిస్టెంటుతో అనుట దరఖాస్తు కాదు. వ్రాతమూలకముగా, కనీసము పదునాలుగు దినముల పనికి కోరి, తేదీ వేసిన రసీదు పొందవలెను. పదునైదు దినములు ఆ తేదీ నుండియే లెక్కింపబడును. రసీదు లేనిచోట గడువు లేదు. గడువు లేనిచోట భృతి లేదు. రసీదు నిరాకరింపబడినచో గ్రామసభలో సభ్యుడే లేచి అడుగవలెను. పని చూపిన పిదప పదునైదు దినములలో హాజరుకానివాడు మూడు నెలలపాటు భృతికి అనర్హుడగుననియు చెప్పవలెను. దుబాయిలో క్రేను నడిపినవాడు గడ్డపార పట్టుటకు సిగ్గుపడుట సహజమే. కాని ఆ సిగ్గును కనిపెట్టి, అతడు కోరడులే అని తలచి దరఖాస్తు తీసికొనకుండుట న్యాయము కాదు.

చేతిలో పని నేర్పు గలవారికి వేరు దారులు కలవు. ప్రధానమంత్రి ఉపాధి కల్పన కార్యక్రమము క్రింద గ్రామములలో సాధారణ వర్గములవారికి పథకపు వ్యయములో నూటికి 25, ప్రత్యేక వర్గములవారికి 35 వంతుల సబ్సిడీ ఉన్నది. తక్కినది బ్యాంకు ఋణము, కొంత స్వంత సొమ్ము. వచ్చిన సొమ్మంతయు ఇంటి స్లాబునకు పోసిన పిదప ఈ స్వంత వాటాకు వెదకుకొనువారు ఎక్కువ. గల్ఫ్ పోవుటకు పూర్వము బొంబాయిలోనో, భివండిలోనో పనిచేసినవారికి పాత పి.ఎఫ్. ఖాతాలో సొమ్ము మిగిలియుండవచ్చును. దానిని గూడ విచారింపవలెను.

మరియొక భ్రమను తొలగింపవలసి యున్నది. 2023 డిసెంబరు 7 నుండి గల్ఫ్‌లో మరణించిన మన కార్మికుల కుటుంబములకు రాష్ట్ర ప్రభుత్వము ఐదు లక్షల రూపాయల సహాయము ప్రకటించి, 2024 సెప్టెంబరులో నియమములు వెలువరించినది. ఇది మరణించినవారి కుటుంబములకే గాని, తిరిగివచ్చినవారికి కాదు. ఎమిగ్రేషను తనిఖీతో వెళ్లినవారికి ‘ప్రవాసీ భారతీయ బీమా యోజన’ వేరుగా కలదు. రెండేండ్లకు 275, మూడేండ్లకు 375 రూపాయలు, పన్ను అదనముగా చెల్లించినచో ప్రమాదమున మరణమునకు, శాశ్వత వైకల్యమునకు పది లక్షల వరకు వర్తించును. అక్కడ అంగవైకల్యము పొంది వచ్చినవాడు పాలసీ సంఖ్య తెలియదని వదలివేయరాదు. ఎమిగ్రేషను అనుమతి పొందినపుడు ఇచ్చిన కాగితములలో అది ఉండును. ఆ కాగితములు ఇంటిలో లేనిచో, పంపించిన రిజిస్టర్డు ఏజెంటు వద్ద అడుగవలెను.